వ్యాను టాపుకి చిల్లు

తెనాలి,
12-2-1977

రేపల్లె బావగారికి, తెనాలి నుంచి పున్నారావు నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కయ్య మోకాలి నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ ఉత్తరం వచ్చేసరికి దుగ్గిరాల పసుపు రైతులు నలుగురు షాపులో మోటారు బేరమాడుతున్నారు. వాళ్ళకి టీ చెప్పి, పైపుల పక్కకెళ్ళి నిలబడి చదివా. నవ్వాగలేదు. పికప్ వ్యాను కొని నెల కూడా కాలేదు, రంగు వాసన ఇంకా పోలేదు, దాని నెత్తిన చిల్లు పెట్టి మీ వైర్‌లెస్ ఏరియల్ నిలబెట్టమంటారేంటండీ? మా అక్కని చేసుకున్నప్పటి నుంచి మీరడిగింది ఏదీ కాదన్లేదు గానీ, దీనికి మాత్రం రెండ్రోజులు టైమివ్వండి.

ఎర్తు సంగతి కూడా నాకు అర్థం కాలేదు. నాకు తెలిసిన ఎర్తింగ్ అంటే మోటారు షెడ్డు పక్కన గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, పైపు పాతి తీగ కట్టడం. తిరిగే బండికి గొయ్యి ఎక్కడ తవ్వుతాం? పెట్రోలు లారీల వెనకాల గొలుసు నేలమీద ఈడుస్తూ ఉంటుంది చూడండి, అలాంటిది వేయించనా? గొలుసు మన షాపులోనే ఉంది.

మా డ్రైవరు దేవదానం ఉన్నాడుగా, వాడికి చెప్పా. వాళ్ళది మీకు దిగువన సముద్రం పక్క పల్లె. భార్య కాంతమ్మ, అత్త అక్కడే ఉంటారు. అరవై తొమ్మిది గాలివానప్పుడు వాళ్ళు బతికున్నారో లేదో మూడు రోజులు తెలీక, మొలలోతు నీళ్ళలో నడిచెళ్ళాడంట. తీగలన్నీ తెగిపోయినా మా మాస్టారు బావగారి సెట్టుతో కబురు పంపొచ్చంట్రా అంటే, "అయితే ఇంకా చూస్తారేంటి బాబుగారూ, చిల్లు నేనే పెడతా" అంటాడు. బండి నాది, తొందర వాడిది.

మిషను మీద కొట్టిన ఉత్తరమేంటి అనుకోకండి. ప్లీడరు గారి గుమాస్తా పాత టైపు మిషను వదిలించుకుంటుంటే తీసుకున్నా. చేతిరాత కన్నా వేగం. మాటలు కూడా ఎక్కువొస్తున్నాయి.

మీ బావమరిది,
పున్నారావు


రేపల్లె,
17-2-1977

పున్నారావుకి దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించా. "వీడు మాట్లాడితేనే ఆపలేం, మళ్ళీ మిషనొకటా" అంది హైమావతి. మోకాలు అలాగే ఉంది.

గొలుసు వద్దు, గొయ్యి వద్దు. మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి వాళ్ళకి చెప్పినట్టే నీకూ చెప్తా, విను. నేను నిలబెట్టే గడ ఏరియల్లో సగమే. మిగతా సగం నీ బండి రేకు. మోటారుకి ఎర్తు నేలలో ఉంటుంది, బండికి ఎర్తు దాని ఒంట్లోనే ఉంటుంది. ఆ రెండు సగాలూ ఇనుముకి ఇనుము తగులుతూ ఉండాలి. మధ్యలో రంగు పొర ఉన్నా పనికిరాదు.

అందుకని టాపు సరిగ్గా నడిమధ్య చిల్లు పెట్టాలి. దాని చుట్టూ అప్పడమంత మేర రంగు గీకి, రేకు తళతళలాడించాలి. పళ్ళ వాషరు వేసి బిగించాలి, ఆ పళ్ళు రేకుని కొరికి పట్టుకోవాలి. నీ వెనక తొట్టి రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంది, అంటే దానికీ ఛాసిస్‌కీ సంబంధం లేదు. జడలా అల్లిన రాగి పట్టీలతో తొట్టినీ కేబిన్‌నీ ఛాసిస్‌నీ కలపాలి. బానెట్టుకొకటి, సైలెన్సరు పైపుకొకటి.

బండిలో సెట్టు పెట్టుకోడానికి ఢిల్లీ నుంచి వేరే పర్మిషన్ రావాలి, రాశాను. బాపట్లలో గడియారాలు బాగుచేసే యాకోబుకి కూడా నాలాగే సరదాకి వైర్‌లెస్ నడిపే లైసెన్సు ఉంది, ఇంట్లో పెద్ద సెట్టుంది. గాలివానొస్తే ఆయన బాపట్లలో అధికార్ల పక్కన కూర్చుంటాడు, నేను నీ బండిలో పల్లెల్లోకి వెళ్తా. కబురు నా నుంచి ఆయనకి, ఆయన నుంచి వాళ్ళకి. మేమనుకున్నది ఇంతే.

పర్మిషన్ రాగానే ఒక ఆదివారం నేనే వచ్చి బిగిస్తా. దేవదానాన్ని సెలవు పెట్టొద్దను.

పూర్ణచంద్రరావు


తెనాలి,
20-4-1977

బావగారికి నమస్కారాలు.

మీరు బిగించి వెళ్ళిన గడ బ్రహ్మాండంగా ఉందండి. మంగళవారం పైపులు దించడానికి చీరాల దాకా వెళ్ళాం. బట్టల కొట్టు ముందు ఆపితే పది మంది మూగారు. సినిమా ప్రచారం బండి అనుకున్నారు. "ఏ బొమ్మండీ, ఎప్పుడాడుతుంది?" అని ఒకావిడ అడిగితే, "మా మాస్టారు హీరోయమ్మా, బాపట్లలో ఆడుతున్నాడు" అన్నాడు దేవదానం. వాడికి ఈ మధ్య మాటలొస్తున్నాయి, నా దగ్గర పనిచేసి.

వచ్చేటప్పుడు యాకోబు గారింటి దగ్గర ఆగాం. పోయిన ఆదివారం మీరు తెనాలి నుంచి మాట్లాడింది పక్క గదిలోంచి మాట్లాడినట్టుందన్నారు. ఆ మాట వినగానే దేవదానం బయటికెళ్ళి ఏరియల్ని గుడ్డ పెట్టి తుడిచాడు. రోజూ తుడుస్తున్నాడు. బండి తుడవమంటే గడ తుడుస్తాడు.

నేను మాత్రం ఇంకా ఆ చిల్లు వైపు చూడకుండానే బండెక్కుతున్నా. అయినా పర్లేదు, కానివ్వండి.

పున్నారావు


తెనాలి,
9-7-1977

బావగారికి నమస్కారాలు. అక్కయ్యకి నూనె సీసా పంపా, అందిందా?

వానలు ముందే పట్టుకున్నాయి. షాపులో బేరాల్లేవు, మిషనూ నేనూ మిగిలాం. మీ చిల్లు మాకు పెద్ద పనే పెట్టింది. మొదటి వానకే కారడం మొదలెట్టింది. సరిగ్గా డ్రైవరు సీటు పక్కన చుక్కచుక్కా. దేవదానం గోనెపట్టా నెత్తిన కప్పుకుని వేమూరు దాకా నడిపాడు, దారిపొడుగునా జనం నవ్వు. మీ వైర్‌లెస్ పెట్టె మీద కూడా పడుతోంది. ఊరుకుంటే రేకు తుప్పు పట్టి టాపు మొత్తం పోతుంది.

పోయిన గురువారం విప్పించి, మన పైపు జాయింటుకి చేసినట్టు శుభ్రంగా చేయించి మళ్ళీ బిగించాం. ఇప్పుడు బిందెడు నీళ్ళు పోసినా చుక్క దిగట్లేదు. మీరు నిశ్చింతగా ఉండండి. ఇరవై ఏళ్ళుగా నీళ్ళు ఆపడమే కదండీ నా వ్యాపారం.

జంపని షుగరు ఫ్యాక్టరీ వాళ్ళు పైపులకి ఆర్డరిస్తామంటున్నారు. కుదిరితే ఒక వారం ఊపిరాడదు.

పున్నారావు


రేపల్లె,
28-8-1977

పున్నారావుకి,

ఫ్యాక్టరీ ఆర్డరు కుదిరినందుకు సంతోషం. నూనె అందింది.

మొన్న ఆదివారం దేవదానం బండి తెస్తే కాలవగట్టు మీద నిలబెట్టి యాకోబుని పిలిచా. ఆయన మాట నాకు స్పష్టంగా వినపడుతోంది. నా మాటే ఆయనకి సరిగా అందట్లేదు. పైగా మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోంది. రెండుసార్లు కాలింది, స్కూల్లో పిల్లలు "మాస్టారూ, మూతికేమైందండీ" అంటున్నారు.

ఇలా కరిచిందంటే ఎర్తు ఎక్కడో తెగినట్టు. ఏరియల్ అడుగు రేకుకి తగులుతోందా? నువ్వు విప్పించానన్నావు కదా, ఏమన్నా కదిలిందేమో చూడు. నీకు బేరాలు తప్ప ఇలాంటివి పట్టవని తెలుసు. మీ వ్యాపారస్తులకి తూకం, కొలత ఉంటే చాలు, లోపల ఏం జరుగుతుందో అక్కర్లేదు. అయినా ఒక్కసారి చూడు. కార్తీకంలో గాలివానలొస్తాయి.

పూర్ణచంద్రరావు


తెనాలి,
4-9-1977

బావగారికి,

మీ ఉత్తరం షాపులో అందరి ముందూ విప్పా. విప్పకుండా ఉండాల్సింది.

నాకు బేరాలు తప్ప పట్టవన్నారు. సరే. ఆ బేరాలు మానుకుని, కొత్త బండి టాపుకి మీకోసం చిల్లు పెట్టనిచ్చిందెవరండి? వారానికోసారి బండినీ డ్రైవర్నీ మీ కాలవగట్టుకి పంపుతున్నదెవరు? ఈ మాట మీరు నాతో ఎదురుగా అంటే నవ్వేసేవాణ్ణి. కాగితం మీద చూస్తే అలా లేదు.

మీరడిగినదానికి జవాబు. జాయింటు మొన్న మళ్ళీ చూశా. వెంట్రుకంత సడలలేదు. మీరు బిగించినప్పటికన్నా ఇప్పుడే గట్టిగా ఉంది. నమ్మకం లేకపోతే బండి మీ గుమ్మంలోకే పంపిస్తా, స్పానరు తీసుకుని మీరే విప్పి చూసుకోండి. మీ సెట్టులోనే ఏదో అరిగిపోయి ఉంటుంది. అది యుద్ధం నాటి సామానని మీరే చెప్పారుగా.

పున్నారావు


రేపల్లె,
15-9-1977

పున్నారావుకి,

స్పానరు తీసుకుని విప్పుకోమన్నావు. నేను విప్పను. బండి నీది, బాగుందని నువ్వన్నావు, ఆ మాట చాలు. నీ మీద నమ్మకం లేక అడిగానని నీకు అనిపిస్తే, ఇంక ఆ జాయింటు మీద నేను చెయ్యి వెయ్యను.

గడ మధ్యలో కాయిలుంది కదా, దాంట్లోకి వాననీళ్ళు పోయాయనుకుని విప్పి కొత్త తీగతో చుట్టా. కొంచెం నయమన్నాడు యాకోబు. కొంచెమే. సెట్టు ముసలిదైందేమో, నాలాగే.

మీ అక్క నీకు విడిగా రాస్తానంది.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
2-12-1977

పున్నారావుకి,

ఇంటి పెంకులు లేచిపోయాయి గానీ గోడలున్నాయి. మీ అక్క బాగానే ఉంది. నువ్వు మనిషితో పంపిన బియ్యం, దుప్పట్లు అందాయి. గాలివానొస్తోందని రేడియోలో చెప్పగానే శుక్రవారమే, నేనడక్కుండా, బండినీ దేవదానాన్నీ పంపావు. ఆ సంగతి మర్చిపోలేదు. మర్చిపోకుండానే మిగతాది రాస్తున్నా.

పందొమ్మిదో తేదీ శనివారం గాలికి మా ఇంటి మీద ఏరియల్ స్తంభం పడిపోయింది. ఆదివారం పొద్దున్నే దేవదానం, నేను బయల్దేరాం. దారిలో పడ్డ తాటిచెట్లు నరుక్కుంటూ, వాళ్ళ పల్లెకి మూడు మైళ్ళ దూరంలో కాలవగట్టు దాకా వెళ్ళాం. అక్కణ్ణించి అంతా నీళ్ళే. ఒకతను తాటిమొద్దు పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. ప్రార్థన మందిరం డాబా మీద నలభై మంది ఉన్నారన్నాడు. కాంతమ్మ మీద దూలం పడిందనీ, నెత్తురు పోతోందనీ, మాట్లాడుతోందనీ చెప్పాడు.

సెట్టు పెట్టగానే యాకోబు గొంతు వినపడింది. పక్కన అధికార్లున్నారు, పడవలున్నాయి, డాక్టరున్నాడు, ఎక్కడికి పంపాలో ఎవరన్నా చెప్పండని అడుగుతున్నాడు. నేను చెప్తున్నా. ఆయన మళ్ళీ అదే అడుగుతున్నాడు. పెదవులు బొబ్బలెక్కాయి. చెప్తూనే ఉన్నా.

దేవదానం ఆ తాటిమొద్దు తీసుకుని తను వెళ్తానన్నాడు. నేను ఆపాను. బ్యాటరీ పడిపోకుండా ఇంజను తిప్పుతుండాలి, ఆ హ్యాండిలు కొట్టడం వాడికే చేతనవును. "పడవ వచ్చేస్తుంది, విన్నావుగా, డాక్టరు కూడా ఉన్నాడు, నువ్వెళ్ళి ఏం చేస్తావు" అన్నా. వాడు యాకోబు మాట విన్నాడు, నా మాట నమ్మాడు. అటు బండికి దారి లేక, ఈదొచ్చినతన్నే బాపట్లకి నడిపించాం. సోమవారం మధ్యాహ్నం డీజిలైపోయింది. అతను మంగళవారం పొద్దున బాపట్ల చేరాడు, ఆ మధ్యాహ్నానికి పడవొచ్చింది. కాంతమ్మ సోమవారం సాయంత్రం పోయింది.

దేవదానం పల్లెలోనే ఉండిపోయాడు. బండిని నేను వేరే అతనితో మా ఇంటికి తెప్పించుకున్నా. మొన్న బుధవారం స్పానరు తీసుకుని విప్పా.

బోల్టు చుట్టూ జనపనార. దానిమీద వైట్‌లెడ్డు ముద్ద. పైనొక రబ్బరు వాషరు, కిందొకటి. నేను గీకిన రేకు మీద రెండు కోట్లు రెడ్ ఆక్సైడు రంగు. పైపు జాయింటుకి చేసినట్టు చేయించానని రాశావు. చదివాను కూడా. గట్టిగా బిగించావనుకున్నా. నీరు దిగకుండా చేశావు, నిజమే. రేకు తగలకుండా కూడా చేశావు.

అదంతా గీకి మళ్ళీ బిగించా. యాకోబుని పిలిచా. పక్క గదిలో ఉన్నట్టుందన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తియ్యలేదట. దోమ మోగినట్టు ఏదో వినపడిందట గానీ, మనిషనుకోలేదట.

దేవదానానికి ఈ సంగతి తెలియాలి. వచ్చాక నువ్వే చెప్పు.

పూర్ణచంద్రరావు


తెనాలి,
8-12-1977

బావగారికి,

నాలుగుసార్లు కాగితం మార్చా.

తెలియక చేశా అందామంటే మీరు ఫిబ్రవరిలోనే విడమర్చి చెప్పారు. ఆ ఉత్తరం బీరువాలోనే ఉంది, తీసి చూశా. నేను మర్చిపోలేదు కూడా. మాట వెళ్ళేది తీగలోంచి కదా, తీగ ముట్టుకోలేదు కదా అనుకున్నా. మనిషి తడుస్తుంటే చూడలేక చేశా. దేనికైనా చిల్లు కనపడితే మూయడమే నాకొచ్చు. ఇంతకన్నా చెప్పుకోడానికి నా దగ్గరేం లేదు.

మీరు మాత్రం ఒకటి చేసుండొచ్చు. మైకు కరుస్తోందని మీరే అన్నారు, కారణం కూడా మీరే చెప్పారు. బండి మీ వాకిట్లోకి ఎన్ని ఆదివారాలొచ్చింది? పది నిమిషాల పని. నా మీద కోపంతో స్పానరు ముట్టుకోలేదు.

దేవదానం మొన్న వచ్చేశాడు. అత్తని కూడా తెచ్చుకున్నాడు, షాపు వెనక గదిలో ఉంటున్నారు. వాడికి నేను చెప్పను. నన్నడక్కండి.

పున్నారావు


రేపల్లె,
16-12-1977

పున్నారావుకి,

నేను స్పానరు ముట్టుకోలేదన్నది నిజం. అది నేను మోస్తాను, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

కానీ చెప్పనంటున్నావే, ఎందుకో నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలిస్తే షాపు పేరేమవుతుందని. వాడు పని మానేసి వెళ్ళిపోతే ఇంత నమ్మకమైన డ్రైవరు దొరకడని. నీ గదిలో పెట్టుకుని, నీ అన్నం పెట్టి, వాడి పెళ్ళాం ఎందుకు పోయిందో వాడికే తెలీకుండా ఉంచడం నాకు ఉప్పు తిన్న మనిషిని మోసం చెయ్యడంలాగే ఉంది. మీ అక్క వద్దంటున్నా వినకుండా, దేవదానానికి నేనే కార్డు రాశా. ఈ ఉత్తరంతోపాటే పోస్టు చేస్తున్నా. జులైలో మీ యజమాని చేసిన పని ఇది, అందుకే కబురు వెళ్ళలేదు అని రాశా. నేను వాణ్ణి ఆపింది కూడా రాశా. దాచుకోలేదు.

పూర్ణచంద్రరావు


తెనాలి,
27-12-1977

బావగారికి,

మీ కార్డు సోమవారం వచ్చింది. షాపు అడ్రసుకి రాశారు. దేవదానానికి చదువు రాదు. ముప్పై ఆదివారాలు మీ పక్కన కూర్చున్నాడు, అది మీరు గమనించలేదు. పోస్టుమేను వాడి చేతికిస్తే, తన పేరున కార్డొచ్చిందని చొక్కాకి తుడిచి, నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. "మాస్టారు నాకు రాశారు బాబుగారూ, ఏం రాశారో చదవండి" అన్నాడు.

నా షాపు పేరు గురించి మీరన్నదానికి జవాబు చెప్పను. ఎందుకు చెప్పలేదో మాత్రం చెప్తా. చేయించింది నేను. చేసింది వాడు. జనపనార విడదీసి ఒక్కో పోగూ చుట్టింది వాడి వేళ్ళు. రంగు రెండు కోట్లు చాలవేమో ఇంకోటి వేస్తానంటే, చాల్లేరా అన్నది నేను. ఆ గురువారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అన్నానికి కూడా దిగకుండా టాపు మీదే కూర్చున్నాడు. ఇప్పటికీ టీ కొట్టు దగ్గర అందరికీ చెప్తాడు, అంత గాలికి తాటిచెట్లు విరిగాయిగానీ నేను బిగించిన గడ కదల్లేదని. మీ యజమాని చేసిన పని అని మీరు రాసిన చోట వాడు నన్ను చూడడు బావగారూ, తన చేతులు చూసుకుంటాడు.

కార్డు పట్టుకుని నిలబడ్డా. వాడు ఎదురుగా నిలబడి నా మొహం చూస్తున్నాడు. చదివా. అందులో లేనిది చదివా. మాస్టారు నీ ఆరోగ్యం అడిగారు, కాంతమ్మ గురించి చాలా బాధపడుతున్నారు, ధైర్యంగా ఉండమన్నారు అని చదివా. ఇంత చిన్న కార్డు చదవడానికి అంతసేపు పట్టిందేంటని కూడా అడగలేదు వాడు. కార్డు తిరిగి తీసుకుని మడిచి, బండి కాగితాలతోపాటు పెట్టుకున్నాడు. ఎవరన్నా చదువొచ్చినవాడికి చూపిస్తాడేమోనని రోజంతా వాణ్ణి కనిపెట్టుకుని ఉంటున్నా. ఎన్నాళ్ళుండగలనో తెలీదు.

మీరు నాకింక రాయక్కర్లేదు. అక్కయ్య రాస్తుందిలెండి. వాడికి మాత్రం రాయండి, జవాబు కోసం ఎదురు చూస్తాడు. చదివి వినిపించేది నేనేనని గుర్తుపెట్టుకుని రాయండి.

వాడు జవాబు కొట్టమని పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. పైన నేను కొట్టిందంతా నా సొంత ఉత్తరమని చెప్పా. కింద ఉన్నది వాడిది. అక్షరం మార్చలేదు.

పున్నారావు

మాస్టారికి దేవదానం దణ్ణాలు. అమ్మగారికి దణ్ణాలు. మీ కార్డు అందింది. నాకు కార్డు రావడం ఇదే మొదలు. మా అత్త నా దగ్గరే ఉంటంది, అన్నం సరిగా తినట్లేదు. మీ పెదాలు మానినయ్యా? ఆ రోజు నన్ను ఎల్లనియ్యలేదని మీరు మనసులో పెట్టుకున్నారంట, బాబుగారికి రాసిన ఉత్తరంలో ఉందని అమ్మగారు చెప్పి పంపారు. పెట్టుకోవద్దు. గొంతు పోయేదాకా మీరు పిలిచారు, పక్కనుండి నేను ఇన్నా. ఇనపడనోళ్ళని మనమేం చేస్తాం? మళ్ళీ గాలివానొస్తే వేరే డ్రైవర్ని పెట్టుకోవద్దండి. నన్నే పిలవండి. ఆ దారి నాకు తెలుసు.